ముక్కనుమ నాటి గాలం

భోగి, సంక్రాంతి, కనుమ మూడూ గడిచి, ముంగిట ముగ్గులు చెరిగి, అల్లుళ్లు ప్రయాణ సన్నాహంలో ఉండే ముక్కనుమ ఉదయాన, కోనసీమలోని ఒక గ్రామంలో ఐదుగురు బాల్యమిత్రులు గాలపు కర్రలు భుజాన వేసుకొని వైనతేయ తీరానికి బయలుదేరడం 40 ఏళ్లకు పైబడిన ఆచారం. గరుత్మంతుని పేరు మోసే ఆ గోదావరి పాయ దిగువన ఓడలరేవు వద్ద సాగరంలో లీనమవుతుంది. సముద్రపు పోటు ఎగదన్నే వేళ చేప ఎరకు వస్తుందని అక్కడి వారి అనుభవం. కనుక ఈ మిత్రుల ముహూర్తాన్ని పంచాంగం కన్న పోటు వేళే నిర్ణయిస్తుంది.

ఐదుగురిలో పోటీ నలుగురికే. ఒకరు విశ్రాంత గణితోపాధ్యాయుడు. మిత్రులకు కూడా ఆయన 'మాస్టారు'గానే స్థిరపడ్డారు. ఒకరు కొబ్బరి వ్యాపారి, ఒకరు తపాలా శాఖలో పనిచేసి విరమించినవారు, నాలుగవ వారు బ్యాంకు ఉద్యోగరీత్యా దేశమంతా తిరిగి హైదరాబాదులో స్థిరపడినవారు. ఐదవవాడు జాలరి. అతనికి పడవ ఉంది, వల ఉంది. స్పర్ధలో అతడు ఏనాడూ గాలం వేయలేదు. త్రాసు పట్టి తూచడం, తీర్పు చెప్పడం అతని వంతు. నియమాలు స్వల్పం: మనిషికి ఒక కర్ర, ఒక ముల్లు, సూర్యోదయం మొదలు మధ్యాహ్నం వరకు, ఒక్క చేప బరువే లెక్క. బహుమానం ఒక రాగిచెంబు. గెలిచినవాడి ఇంట అది ఏడాదిపాటు ఉంటుంది. ఆ ఏడాదంతా చింతపండుతో తోమి దాన్ని మెరిపించవలసిన భారం మాత్రం ఆ ఇంటి ఇల్లాలిది. ఈ నియమాన్ని ఏర్పరచినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు.

బ్యాంకు మిత్రుని ఇంటికి ఆ చెంబు ఒక్కసారీ వెళ్లలేదు.

మాస్టారు పదవీ విరమణానంతరం సంస్కృతం నేర్చారు. ఉపకారవేతనం లేని విద్యార్థిగా ఆ వయస్సులో శబ్దమంజరి వల్లించి, రెండేళ్లలో పాతంజల యోగసూత్రాల వరకు వచ్చారు. గ్రామంలోని ఒక పండితుని వద్ద సాయంకాలం నలుగురైదుగురు కూర్చొని వ్యాసభాష్యంతో సహా చదువుతున్నారు. గత మార్గశిరంలో పాఠం సాధనపాదంలోని 31వ సూత్రానికి చేరింది. యమాలు ఐదింటినీ జాతి, దేశ, కాల, సమయాలనే నాలుగు అవధులు లేకుండా ఆచరిస్తే అది మహావ్రతమని సూత్రార్థం. అవధి ఉన్న అహింస ఎలా ఉంటుందో చూపడానికి భాష్యకారుడు మొట్టమొదట తీసుకున్న ఉదాహరణ చేపలు పట్టేవాడు. అతని హింస చేపల వరకే, అన్యత్ర లేదు. కనుక అతని అహింస జాతిచేత పరిచ్ఛిన్నం. తీర్థంలో చంపనన్నవాడిది దేశంచేత, చతుర్దశినాడు చంపనన్నవాడిది కాలంచేత, దేవబ్రాహ్మణార్థమే చంపుతానన్నవాడిది సమయంచేత పరిచ్ఛిన్నం. ఇక్కడ 'సమయం' అంటే గడియారపు వేళ కాదు. తాను చేసుకొన్న ఒడంబడిక.

పండితుడు వివరిస్తూ ఉండగా మాస్టారి మనస్సు ఏటిగట్టుకు పోయింది. కార్తికంలో ఆ మిత్రులు గాలం ముట్టరు. శివాలయం రేవులో వేయరు. కనుమనాడు పశువులకు పసుపు రాసి బొట్టు పెట్టిన చేతులతోనే మర్నాడు వానపామును ముల్లుకు గుచ్చుతారు. పోటీకి తప్ప మరెన్నడూ పట్టరు. నాలుగు అవధులూ నాలుగు గోడల్లా నిలబెట్టి, ఆ మధ్యనున్న చోటుకు వినోదమని పేరు పెట్టుకొన్నారన్నమాట. పైగా జాలరికి అది వృత్తి, వీరికి కాదు. మృగయను కామజ వ్యసనాలలో ప్రథమంగా లెక్కించిన మనువు రాజులకే ఆ హెచ్చరిక చేశాడు. తపాలా ఉద్యోగికీ లెక్కల మాస్టారికీ వేట ఏ ధర్మం క్రిందికి వస్తుంది? భారతంలోని ధర్మవ్యాధుడు మాంసం విక్రయించాడే గాని, స్వయంగా జంతువులను చంపలేదని కౌశికునితో చెప్పుకొన్నాడు. కుటుంబభారమున్న వాడే అంత జాగ్రత్తపడ్డాడు.

ఈ సంవత్సరం తాను గాలం వేయనని మాస్టారు భోగినాడే చెప్పేశారు. కొబ్బరి వ్యాపారి నవ్వాడు. "మరి పులుసు తింటావా, అదీ మానేశావా?" అన్నాడు. మానేశానని మాస్టారు చెప్పిన తరువాత నవ్వు ఆగింది. ఒకరు తప్పుకొంటే మిగిలేది ముగ్గురు. ముగ్గురితో అది పోటీ అనిపించుకోదు, పై ఏడాదికి ఇద్దరవుతారు. వృద్ధాప్యంలో స్నేహాలు కలహాలతో విరగడం అరుదు. ఇలా ఒక్కొక్క ఆచారం జారిపోవడంతోనే ఎక్కువగా సన్నగిల్లుతాయి. ఆ సంగతి ఐదుగురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

బ్యాంకు మిత్రుడు కనుమనాటి రాత్రి కారులో దిగాడు. రెండేళ్లుగా కంపవాతం. కుడిచేయి నిశ్చలంగా ఉండదు. కాఫీ లోటా సగమే నింపి ఇవ్వాలి. మాస్టారి నిర్ణయం విని అతడు వాదించలేదు. తెల్లవారి గట్టుమీద పీట వేసుకొని, డబ్బాలోని వానపామును తీసి ముల్లుకు గుచ్చబోయాడు. మొదటిసారి జారింది. రెండవసారి ముల్లు బొటనవ్రేలిలో దిగింది. మూడవసారి ప్రయత్నిస్తుంటే తపాలా మిత్రుడు తల తిప్పుకొన్నాడు. మాస్టారు పక్కనే, చేతులు కట్టుకొని, ప్రేక్షకునిగా కూర్చొని ఉన్నారు.

"ఒరే, కాస్త ఇది గుచ్చి పెట్టరా," అన్నాడు బ్యాంకు మిత్రుడు, ఆయన వైపు చూడకుండా.

మాస్టారు గోధుమపిండి ముద్ద ఎరగా పెడదామన్నారు. రెండు హింసలలో ఒకటైనా తగ్గుతుందని ఆయన లెక్క. జాలరి ఒప్పుకోలేదు. "పిండికి శీలావతి వస్తదేమో గానండీ, ఈ ఏటిలో ఈ పొద్దున పడేది జెల్ల. జెల్లకి ఎర్రే ఉండాలి. ఆయ్," అన్నాడు. మాస్టారు ఒక నిమిషం పాటు నీటిని చూశారు. తరువాత డబ్బా తన వైపు లాక్కొన్నారు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదువుకు తన ఇరువది నలుగురు గురువులను చెప్పేటప్పుడు వారిలో చేప ఉంది. జిహ్వేంద్రియానికి లొంగి గాలపు ముల్లును మ్రింగే చేప రసాసక్తికి దృష్టాంతం. అదే గురుమాలికలో బాణం చేసేవాడూ ఉన్నాడు. రాజు పరివారంతో పక్కగా వెళ్లినా తెలియనంతగా శరంలో లగ్నమైన చిత్తం అతనిది. గాలం వేసినవాడు నెమలిఈక కాడతో చేసిన బెండు మీద చూపు నిలిపి ఉన్నప్పుడు రెండు పాఠాలూ ఒకే దారానికి రెండు కొసలుగా ఉంటాయి: ఈ కొసన ఏకాగ్రత, ఆ కొసన ఆసక్తి. ఏకాగ్రత స్వతహాగా ధర్మమూ కాదు, అధర్మమూ కాదన్న విషయం ధ్యానాన్ని గురించి విరివిగా మాట్లాడే వారు తరచు మరచిపోతారు. కొంగ నిలుపు మాత్రం తక్కువ నిలుపా?

ఆ ఉదయం ఒక విశేషం జరిగింది. బెండు మీద దృష్టి నిలిచినంతసేపు బ్యాంకు మిత్రుని చేతి వణుకు కొంత తగ్గినట్లు కనిపించింది. అది చూపుల భ్రమ కావచ్చు. రెండు చేతులతో కర్రను మోకాలికి ఆనించి పట్టడం వల్లనూ కావచ్చు. అతని ముఖం మాత్రం పదేళ్ల వెనుకటిది. మాస్టారు ఏడుసార్లు ఎర గుచ్చారు. ప్రతిసారీ ప్రాణి మెలికలు తిరిగింది. ప్రతిసారీ ఆయన పెదవులు కదిలాయి గాని ఏ మంత్రమో వినబడలేదు.

పదకొండు గంటల వేళ బెండు మునిగింది. జెల్ల. గట్టు మీద పడి ఎగురుతున్న దాని నోటినుండి ముల్లు తీయవలసిన పనీ మాస్టారిదే అయింది. జెల్లకు వీపున ఒకటి, ఇరుప్రక్కల రెండు ముళ్లుంటాయి. పట్టు తెలియకపోతే గుచ్చుకొంటాయి. ఆయనకు 40 ఏళ్ల పట్టు ఉన్నా, ఆ రోజు మెల్లగా పట్టబోయి, అరచేతిలో గుచ్చించుకొన్నారు. జాలరి త్రాసు ఎత్తాడు: 250 గ్రాములు. అప్పటికే కొబ్బరి వ్యాపారి బకెట్టులో రెండు కిలోల పైబడిన వాలుగ ఉంది.

చెంబు చేతికి వచ్చాక కొబ్బరి వ్యాపారి దాన్ని బ్యాంకు మిత్రుని ఒడిలో పెట్టబోయాడు. ఈ ఏడాదికి నీ ఇంట ఉండనీ అన్నాడు. అంతే, రోజంతా నెమ్మదిగా ఉన్న మనిషికి కోపం వచ్చింది. "గెలిచినోడి దగ్గరే ఉండాల్రా. నాకు దానం పెట్టకు," అని వెనక్కి నెట్టేశాడు. చెంబు గట్టు మీద దొర్లి నీటి అంచున ఆగింది. జాలరి దిగి తెచ్చాడు. దయ కూడా ఒక్కొక్కప్పుడు ఎదుటివానిని పోటీ నుండి బహిష్కరిస్తుందని వ్యాపారికి ఆ క్షణాన తెలిసిందో లేదో. చెంబును మాత్రం మౌనంగా సంచిలో వేసుకొన్నాడు.

కారెక్కే ముందు బ్యాంకు మిత్రుడు మాస్టారితో, "వచ్చే ఏడు కూడా ఎర్రలు నువ్వే చూసుకోవాలి మరి," అన్నాడు. మాస్టారు అరచేతి వాపును రెండవ చేత్తో నొక్కుకొంటూ, చలిలో అద్దం దించుకొని కూర్చోవద్దని చెప్పారు.

పండుగ సెలవుల తరువాత పాఠం మళ్లీ మొదలై 34వ సూత్రానికి వచ్చింది. హింస తాను చేసినది, చేయించినది, ఆమోదించినది అని మూడు విధాలు. ఒక్కొక్కటీ లోభంచేతనో, క్రోధంచేతనో, మోహంచేతనో జరుగుతుంది. అవి మృదువు, మధ్యం, తీవ్రం. ఆ మూడింటిలో ప్రతిదానికీ మళ్లీ మూడు మెట్లు. మూడును నాలుగుమార్లు గుణించి భాష్యకారుడు 81 భేదాలు తేల్చాడు. గణితోపాధ్యాయునికి ఇంతకన్న ప్రీతిపాత్రమైన శాస్త్రం ఉండదు. ఆయన నోటుపుస్తకంలో గళ్లు గీసుకొన్నారు. వానపాము విషయంలో తాను కర్త, సందేహం లేదు. జెల్ల విషయంలో కర్త ఎవరు? ఎర పెట్టినవాడా, కర్ర ఎత్తినవాడా? తీవ్రత మృదువే అనుకోవచ్చు. హేతువు వద్ద ఆయన కలం ఆగింది. మాంసానికో చర్మానికో చేసేది లోభం, వీడు నాకు అపకారం చేశాడని చేసేది క్రోధం, రెండూ కావు. నాకు ధర్మం కలుగుతుందనే తలంపుతో చేసేది మోహం అని భాష్యం.

మిత్రుని చేయి వణకడం చూడలేక చేసిన పని కూడా ఆ గడిలోకే వస్తుందా అని ఆయన పండితుని అడిగారు. పండితుడు చాలాసేపు ఆలోచించాడు. భాష్యంలో యజ్ఞార్థం చేసే హింసను ఉద్దేశించి ఆ మాట అన్నారని కొందరి వ్యాఖ్య అని చెప్పాడు. స్నేహార్థం చేసినదాన్ని గురించి ఏ వ్యాఖ్యాతా ఏమీ అనలేదా అని మాస్టారు రెట్టించలేదు. నోటుపుస్తకంలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచి మూసేశారు.

ఇంటికి వచ్చాక, ముక్కనుమనాటి నుండి పెరటి అరుగు మీదనే ఉండిపోయిన ఎర్రల డబ్బా కనబడింది. తడిమట్టిలో ఇంకా కొన్ని బ్రతికి ఉన్నాయి. అరటి మొదట్లో పుల్లతో గుంట చేసి వాటిని ఒక్కొక్కటిగా వదిలారు. లెక్కల మాస్టారు గనుక లెక్కపెట్టారు, పదకొండు. ఖాళీ డబ్బాను రెండుమార్లు కడిగారు. పారవేయడానికని వీధి తలుపు వరకు వెళ్లి, తిరిగి వచ్చి, గోడ మీద బోర్లించారు.