రాత కాదు, లెక్క

ఉద్యోగం మానినా కలం మానలేదు నాకు. మండల కార్యాలయంలో గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరయ్యాక, ఇబ్రహీంపట్నంలోని మా యింటి అరుగే కచేరీ అయింది. పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారు. పింఛను ఆగిందని ఒకరు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని ఒకరు. "జీతం లేని నౌకరీకి కూడా ఇంత హాజరా?" అంటుంది మా ఆవిడ. అంటూనే వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ చెంబు తెచ్చిపెడుతుంది.

కిందటి కార్తీకంలో ఒకనాడు మాకు పాలు పోసే ఆమె, పాలు పోసి కూడా వెళ్ళకుండా స్తంభానికి ఆనుకొని నిలబడింది.

"సారూ, ఒక దరఖాస్తు రాసిస్తరా?"

"దేని గురించమ్మా?"

జవాబు చెప్పకుండా కొంగుచాటు నుంచి ఒక సంచి తీసి నా ముందు పెట్టింది. అందులో నలిగిన ఆసుపత్రి చీటీలు, ఒక స్కానింగు కాగితం. సంగతేమిటంటే, ఆమె రెండో కూతుర్ని వేరే జిల్లాలో ఇచ్చారు. ఇద్దరు పిల్లలు పుట్టాక, రెండేళ్ళ కిందట అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఆ పిల్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మళ్ళీ అయిదో నెల.

"అల్లుడు మాట్లాడుత లేడు సారూ. వాళ్ళమ్మ నలుగుర్ల అనరాని మాట అన్నది."

మా ఆవిడ చెంబు పట్టుకొని గుమ్మంలోనే ఆగిపోయింది.

"పైసల కోసం గాదు. తప్పు నా బిడ్డది గాదని ఎవరన్న ఒక కాగితం మీద రాసియ్యాలె. గంతే."

ఆపరేషన్ అన్న మాట వింటే మా ఊళ్ళో ఎవరికైనా 2022 గుర్తుకొస్తుంది. ఆ ఏడు ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో క్యాంపు పెట్టి, ఒక్క రోజున 34 మంది స్త్రీలకు ఈ ఆపరేషన్ చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. అందరూ పసిపిల్లల తల్లులే. మిగిలినవారిని పరీక్షించి, అవసరమైనవారిని హైదరాబాదులో నిమ్స్‌కూ అపోలోకూ తరలించారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది, బాధ్యులనుకున్నవారిని సస్పెండు చేసింది. చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున సాయం, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు గురుకులాల్లో చదువు ప్రకటించింది.

అప్పుడు మా అరుగు మీద పెద్ద చర్చే జరిగింది. "ప్రాణానికి ఖరీదు కడతారా?" అన్నాడొకాయన. "అదైనా వచ్చింది, నయం" అన్నాడు మరొకాయన. నేను నోరు విప్పలేదు. కారణం ఉంది.

1978లో మా అక్క కాన్పుకని పట్నంలో ఒక ఆసుపత్రిలో చేరింది. బిడ్డ దక్కాడు, అక్క దక్కలేదు. రాత్రంతా రక్తం పోతుంటే ఎవరూ రాలేదని పక్క మంచం ఆవిడ మా అమ్మతో చెప్పింది. అంత్యక్రియలయ్యాక ఎవరో "అడగండి, రాసి పెట్టండి" అని సలహా ఇచ్చారు. మా నాన్న ఒక్కటే మాట అన్నాడు: "నా బిడ్డ శవం మీద రూపాయి ఏరుకోను. దాని రాత అంత." ఆసుపత్రి కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాడు. పెట్టమని అందించింది నేనే. ఇరవై రెండేళ్ళవాణ్ణి, అదే మర్యాద అనుకున్నాను.

ఆనాడు దక్కిన ఆ బిడ్డే మా మేనల్లుడు. ఇప్పుడు పట్నంలో వకీలు. పాలామె సంచి పట్టుకొని నేను వెళ్ళింది వాడి దగ్గరికే.

వాడు చీటీలన్నీ తేదీల వారీగా సర్దుకొని, "మామయ్యా, ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి తప్పెవరిదని అడగని దారి. రెండోది తప్పు రుజువు చేసే దారి" అన్నాడు.

మొదటి దారి సర్కారు పథకమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు 2005 నుంచీ పరిహార పథకం ఉన్నదట. ఒకప్పుడు ఆ పథకం కింద, ఆసుపత్రిలోగాని ఇంటికొచ్చిన 7 రోజుల్లోగాని చనిపోతే 2 లక్షలు, 8 నుంచి 30 రోజుల లోపల అయితే 50 వేలు, ఆపరేషన్ విఫలమైతే 30 వేలు ఇచ్చేవారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, ఒక క్యాంపులో ఒకే సర్జను కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేయటం, వారిలో పలువురు తల్లులు చనిపోవటం దేశమంతా విన్నదే. ఆ సంగతి కూడా పరిశీలించిన సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో, ఈ మొత్తాలు బాగా పెంచాలనీ, మూడేళ్ళలో క్యాంపు పద్ధతే మానెయ్యాలనీ చెప్పింది. మా ఊరి క్యాంపు ఆ తీర్పు తర్వాత ఆరేళ్ళకు జరిగింది! ఇంకేం చెప్పను?

"మరి ఆపరేషన్ చేసిన డాక్టరుది తప్పు కాదా?" అన్నాను.

"తొందరపడకు. ఎంత జాగ్రత్తగా చేసినా ఈ ఆపరేషన్ అరుదుగా విఫలమవుతుంది. విఫలమైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని 2005లో సుప్రీంకోర్టే అన్నది. పథకం డబ్బుకు మాత్రం ఆ గొడవ లేదు. విఫలమైందని డాక్టరు ధ్రువపరిస్తే చాలు."

రెండో దారి కోర్టుది. హర్యానాలో ఏడుగురు పిల్లల తల్లికి 1988లో ఆపరేషన్ చేసి, రెండు నాళాల్లో ఒకదాన్ని వదిలేశారు. ఎనిమిదో బిడ్డ పుట్టింది. కింది కోర్టు ఆమెకిచ్చిన 54 వేలను 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. సర్కారీ డాక్టరు నిర్లక్ష్యానికి సర్కారు పూచీ పడాలంది. ఔరంగాబాదులో 1963లో ఇదే ఆపరేషన్ చేస్తూ ఒక తల్లి కడుపులో తువాలు మరిచారు, ఆమె చనిపోయింది. ఆ కుటుంబానికి 36 వేల రూపాయల డిక్రీ సుప్రీంకోర్టులో నిలబడింది 1996లో. ముప్పై మూడేళ్ళు! మన హైదరాబాదులోనే, 1990లో నిమ్స్‌లో జరిగిన ఆపరేషన్ తర్వాత కాళ్ళు పడిపోయిన ఒక ఇంజనీరింగు విద్యార్థి, చివరకు సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకొని, 2009లో కోటి రూపాయలు పొందాడు.

వినియోగదారుల కమిషన్ సంగతీ అడిగాను. డబ్బు తీసుకొని చేసే వైద్యం 1995 నుంచీ దాని పరిధిలోకి వచ్చిందట. డబ్బు బీమా కంపెనీ కట్టినా సరే. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి మీద మాత్రం అక్కడికి పోరాదు, సివిలు కోర్టుకే పోవాలి. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది.

"అన్నిటికీ మూలం ఇదే" అని సంచి మీద చెయ్యి వేశాడు. "రోగిగాని, రోగి తరఫువాళ్ళుగాని అడిగితే 72 గంటల్లో రికార్డు నకలు ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లో 2002లోనే రాశారు. ఉంచాల్సింది మూడేళ్ళు. చాలామంది అడగరు, ఇంట్లో ఉన్నవీ పారేస్తారు."

కాసేపు ఊరుకొని, "మామయ్యా, మా అమ్మ కాగితాలేమైనా ఉన్నాయా? కేసు కోసం కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో చూడాలని" అన్నాడు.

ఏం చెప్పను? నలభై ఏడేళ్ళుగా ఈ ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని భయపడుతూనే ఉన్నాను. "లేవురా" అన్నాను. ఎలా పోయాయో కూడా చెప్పాను. వాడు నన్నేమీ అనలేదు. లేచి టీ తెప్పించాడు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాను. మా నాన్నది అభిమానమే, కాదనను. కాని ఆ అభిమానం వల్ల ఎవరికి మేలు జరిగింది? తల్లిలేని పిల్లవాడి పాలకూ చదువుకూ మా అమ్మ పుస్తెల గొలుసు తాకట్టు పెట్టింది. ఆ రాత్రి వార్డుకు రానివాళ్ళను ఎందుకు రాలేదని అడిగినవాళ్ళే లేరు. పరిహారం ప్రాణానికి ఖరీదు కాదు. బతికున్నవాళ్ళ బాధ్యతకు ఆసరా, ఏం జరిగిందో రాతపూర్వకంగా ఒప్పుకోవటం. డాక్టరు దేవుడు కాదు, దొంగా కాదు. ఆయన పనికీ లెక్క ఉంటుంది. అడిగితేనే అది తేలుతుంది.

ఆ రాత్రే దరఖాస్తు రాశాను. మూడు నకళ్ళు తీసి, ఒకదాని మీద ముద్ర వేయించుకొమ్మని మరీమరీ చెప్పాను. తల్లీకూతుళ్ళు ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికే పోయారు. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఆపరేషన్ విఫలమైందని ధ్రువపత్రం రాసిచ్చింది. అమ్మాయిని కూర్చోబెట్టి, "ఇందులో నీ తప్పేం లేదమ్మా" అని నోటితో కూడా చెప్పిందట.

పథకం డబ్బు ఇంకా రాలేదు. ఫైలు నడుస్తున్నదన్నారు. ఫైళ్ళ నడక నాకు తెలియనిది కాదు.

కాని మొన్న ఆదివారం అరుగు ముందు మోటారు సైకిలు ఆగింది. అల్లుడు దిగాడు. వెనుక ఆ అమ్మాయి, నిండు చూలాలు. అతను తల వంచుకొనే, "సారూ, ఇంకేమన్న కాగితం కావాల్నంటే నేనే తెస్త" అన్నాడు. కాగితాల సంచి ఇప్పుడు అతని చేతిలో ఉంది.

మా ఆవిడ లోపలికి వెళ్ళి, ఈసారి మంచినీళ్ళతో పాటు బొట్టుపెట్టె కూడా తెచ్చింది.