చిత్రము చెప్పిన కూటసాక్ష్యము

మా రెడ్డిగూడెమున మామిడికోతలు సాగుచున్న దినములలో ఇండ్లు ఇండ్లవలె నుండవు. మూలమూలల గడ్డి పరచి చిన్నరసములను మాగవేయుదురు. ఊరగాయ జాడీలు వసారాలోనికి వచ్చును. ఆవకాయకు కాయలు కొట్టు కత్తిపీట నడవ కడ్డముగా నుండును. ఈ చిందరవందర ఋతుధర్మము; ఏరువాక వచ్చుసరికి అదియే పోవును. నా వ్రాతబల్లచుట్టు నుండునది మాత్రము పండ్రెండు మాసములును పోదు.

దిద్దవలసిన జవాబుపత్రములు, వానిపై సగము త్రాగిన కాఫీగ్లాసు, తెరచి బోర్లించిన అమరకోశము, కుర్చీకి వ్రేలాడు తువాలు, సిరా లేని మూడు కలములు, ఒంటిచెప్పు. వీనిని సర్దుకొనుటకు మారుగా నేను చేతిఫోనుతో చిత్రములు తీయ నారంభించితిని. ఉదయమున కిటికీవెలుగు పడినప్పుడు ఆ కుప్పయందొక సౌందర్యము తోచెను. నా మనస్సెట్టిదో యిదియు నట్టిదే గదా యని సంతోషించితిని. ఒక చిత్రమును పెద్దదిగా అచ్చువేయించి, పటము కట్టించి, గోడకు తగిలించితిని.

మొన్న మా పెద్దమ్మ వచ్చి దానిని చూచి, "బాగానే ఉందిరా అబ్బాయీ. అయితే కోడలు ఇల్లు సర్దదా?" అనెను. నా భార్య మాటాడక లోనికి పోయెను.

టాల్బటు అను నాంగ్లేయుడు 1844లో వెలువరించిన ఛాయాచిత్రగ్రంథమున అరలలో పేర్చిన పింగాణిపాత్రల చిత్రమొకటి కలదు. దొంగ యెవడైన వాని నపహరించినచో ఈ చిత్రము న్యాయస్థానమున సాక్ష్యము కావచ్చునని యతడూహించెను. నా చిత్రమును సాక్ష్యము పలికినది; కాని నేరము నాది, నింద వేరొకరిది. ఆ 1844లోనే జన్మించిన రాజా దీనదయాళు హైదరాబాదున ఫలక్‌నుమా మేడ గదులను చిత్రించెను. ఆ గదులను తుడిచి సర్దిన చేతు లెవరివో ఆ చిత్రములును చెప్పవు. వస్తువును చూపుట యంత్రమునకు తెలియును. దానిని పడవేసిన వానిని, ఎత్తిపెట్టిన వారిని చూపుట తెలియదు. ఆ లోటును మన లోకాచారము పూరించుచున్నది: చక్కని యిల్లు యజమాని ప్రతిష్ఠ, చెదరిన యిల్లు ఇల్లాలి యపకీర్తి.

నాటిరాత్రి నా భార్య పటము ముందు నిలిచి, "ఇందులో నా వస్తువు ఒక్కటైనా ఉందేమో చూడండి" అనెను. నేను చాలసేపు వెదకి, మూలనున్న చీపురును చూపితిని.

"అది నాదని ఎవరు చెప్పారండీ?" అనెను.

ఇరువదియేండ్లుగా తరగతిలో స్త్రీవిద్యను, స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి బోధించుచున్నవాడను. ఆ ప్రశ్నకు నాకడ నుత్తరము లేకపోయెను.

చదువరులారా! తన చిందరవందరలో సౌందర్యమును చూడగోరువాడు ముందుగా దానికి తన పేరు పెట్టుకొనవలెను. నేను పటమును తీసివేయలేదు. దానిక్రింద "ఇవి యన్నియు నావి; చీపురు మా యిద్దరిది" అని వ్రాసి సంతకము చేసితిని. ఇప్పుడు చీపురు పట్టుట నేర్చుకొనుచున్నాను. మూలలందు దుమ్ము మిగులుచునే యున్నది. ఆమె చూచును గాని, ఎత్తదు.