గోడ మీది అక్షరాలు: చూపును కొలిచే పద్ధతులు



ఈమధ్య ఒక మిత్రుడు అమెరికాలో ఉన్న తన మనవరాలి కంటి పరీక్ష రిపోర్టు చూపించి, "డాక్టరుగారూ, నాకు ఇక్కడ 6/6 అని రాశారు. పాపకు అక్కడ 20/20 అని రాశారు. ఎవరి చూపు మెరుగు?" అని అడిగారు. రెండూ ఒకటే. మనం దూరాన్ని మీటర్లలో రాస్తాము, వారు అడుగులలో రాస్తారు. ఆరు మీటర్లంటే దాదాపు ఇరవై అడుగులు. ఆయన సందేహం తీరింది గాని, నా మనసు మాత్రం ప్రభుత్వ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నా వెనుక గోడకు వేలాడిన అక్షరాల చార్టు మీదికి పోయింది. ఆ చార్టు విషయంలో నేను చేసిన ఒక పొరపాటు ఉంది. దానిని కూడా ఇక్కడ దాచకుండా చెబుతాను.

మనకందరికీ పరిచయమైన చార్టును హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి నేత్రవైద్యుడు 1862లో రూపొందించారు. దాని సూత్రం సులభమైనది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క భాగాన్ని నిమిషం అంటారు. 6/6 వరుసలోని అక్షరం ఆరు మీటర్ల దూరం నుంచి మన కంటి వద్ద ఐదు నిమిషాల కోణం చేస్తుంది. ఆ అక్షరంలోని ఒక్కొక్క గీత మందం ఒక నిమిషం. అంటే సుమారు తొమ్మిది మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం. అన్నిటికంటే పైన ఉండే పెద్ద అక్షరం దీనికి పదింతలు. దానిని మాత్రమే చదవగలిగితే 6/60 అని రాస్తాము. సామాన్యమైన చూపు గలవారు అరవై మీటర్ల నుంచి చూడగలిగినదానిని ఈ వ్యక్తి ఆరు మీటర్ల నుంచి మాత్రమే చూడగలుగుతున్నారని దాని అర్థం.

ఈ చార్టు చౌక, త్వరగా పని ముగుస్తుంది. ఉదయం ఓపీలో వందమంది వరుస కట్టి నిలబడినప్పుడు దీనికి మించిన సాధనం లేదు. అయితే లోపాలూ ఉన్నాయి. పై వరుసలో ఒకే అక్షరం, కింది వరుసలలో ఆరేడు ఉంటాయి. వరుసల మధ్య మెట్లు సమానం కావు. 60 నుంచి 36కు పెద్ద అంగ, 24 నుంచి 18కి చిన్న అంగ. కాబట్టి "రెండు వరుసలు మెరుగుపడింది" అన్న మాటకు అందరి విషయంలో ఒకే విలువ ఉండదు. తెలుగు అక్షరాల చార్టులలో మరొక చిక్కు ఉంది. 'ర'ను గుర్తించినంత తేలికగా 'ఋ'ను గుర్తించలేము. ఇక గది పొడవు సంగతి. నేను మొదట పనిచేసిన ఆసుపత్రిలో గది నాలుగు మీటర్లే. అక్కడ కూర్చోబెట్టి చివరి వరుస చదివించి 6/6 అని రాస్తే, అది నిజానికి 4/6, అంటే 6/9 మాత్రమే.

చదువు రానివారికి, చిన్నపిల్లలకు 'ఈ' అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి చూపిస్తాము. దాని కాళ్లు ఎటు ఉన్నాయో చేతితో చూపిస్తే చాలు. లాండోల్ట్ వలయం కూడా ఇటువంటిదే. వలయంలో ఖాళీ ఎటువైపు ఉందో చెప్పాలి. నా పొరపాటు ఈ 'ఈ' అక్షరం దగ్గరే జరిగింది.

ఐదేళ్ల బాబును తండ్రి తీసుకువచ్చాడు. టీవీ చూసేటప్పుడు తల పక్కకు వంచుతున్నాడని చెప్పాడు. ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క 'ఈ' ఉన్న అట్టలతో పరీక్షించాను. ఎడమకన్ను 6/9, కుడికన్ను 6/12. ఆ వయసుకు ఇది సరిపోతుందని పంపించివేశాను. మూడేళ్ల తర్వాత బడిలో జరిగిన పరీక్షలో తేడా కనిపించి మళ్లీ వచ్చారు. ఈసారి వరుసల చార్టు చూపించాను. కుడికన్ను 6/36. అనుమానంతో పాత అట్టలు తీశాను. అదే కన్ను, అదే రోజు, ఒంటరి అక్షరాన్ని 6/18 వరకు గుర్తించింది!

ఆ బాబు కుడికంటికి ప్లస్ పవర్ ఎక్కువగా ఉండి, మెదడు ఆ కంటిని వాడుకోవడం తగ్గించింది. దీనినే మందదృష్టి, లేజీ ఐ అంటారు. అటువంటి కన్ను ఒంటరి అక్షరాన్ని గుర్తిస్తుంది, పక్కన మరికొన్ని అక్షరాలు చేరితే తడబడుతుంది. ఈ సంగతి నేను చదువుకున్నదే. తొందరలో మరిచాను. "అప్పుడు మీరే కదా సార్, బాగుందన్నారు" అన్నాడు తండ్రి. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు మరింత బరువుగా తోచింది. కళ్లజోడు ఇచ్చి, మంచి కంటికి పట్టీ వేసి నెలల తరబడి శ్రమించాము. చూపు 6/18 దగ్గర ఆగిపోయింది. ఐదేళ్లప్పుడే మొదలుపెట్టి ఉంటే ఇంకా మెరుగయ్యే అవకాశం ఉండేది.

ఈ లోపాలను సరిదిద్దడానికి ఆస్ట్రేలియాలో బెయిలీ, లోవీ 1976లో లాగ్‌మార్ చార్టును ప్రకటించారు. ప్రతి వరుసలో ఐదు అక్షరాలు. అక్షరాల మధ్య ఎడం ఒక అక్షరం వెడల్పు. ప్రతి వరుసా కింది వరుసకు 1.26 రెట్లు, మూడు వరుసలు ఎక్కితే అక్షరం రెట్టింపవుతుంది. 6/6కు విలువ 0.0, 6/12కు 0.3, 6/60కి 1.0. అంకె పెరిగితే చూపు తగ్గినట్లు, ఇది గుర్తుంచుకోవాలి. ఒక్కొక్క అక్షరానికి 0.02 లెక్క వేస్తారు కనుక చిన్న మార్పు కూడా నమోదవుతుంది. 1982లో మధుమేహ నేత్రవ్యాధి అధ్యయనం కోసం దీనినే నాలుగు మీటర్ల దూరానికి అనువుగా తీర్చిదిద్దారు. మందుల పరిశోధనలలో నేటికీ ఆ చార్టునే వాడుతున్నారు.

మరి ఏది మేలు? కళ్లజోడు కోసం, సామూహిక పరీక్షల కోసం స్నెల్లెన్ చాలు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, మందదృష్టికి చికిత్స పొందుతున్న పిల్లలకు లాగ్‌మార్ మేలు. వారి విషయంలో చిన్న తేడా కూడా చికిత్సను నిర్ణయిస్తుంది. ఏ చార్టు వాడినా ప్రతిసారీ అదే చార్టు, అదే దూరం, అదే వెలుతురు ఉంటేనే పోలికకు అర్థముంటుంది.

మీకు నా మనవి. పరీక్ష సమయంలో ఒక్కొక్క కంటినీ విడిగా చూడమనండి. రెండో కంటిని వేళ్లతో గాక అరచేతితో, నొక్కకుండా మూయండి. వేళ్ల సందుల్లోంచి పిల్లలు ఇట్టే చూసేస్తారు. పసిబిడ్డ ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూయగానే మీ చేతిని తోసేస్తుంటే ఆలస్యం చేయకండి. బడిలో వేసే లోపు ఒకసారి, వరుసల చార్టుతో కంటి పరీక్ష చేయించండి. పెద్దలు మరొకటి గమనించాలి: నీటికాసులు, అంటే గ్లకోమా, ఉన్నవారు కూడా చాలాకాలం 6/6 చదవగలరు. చార్టు చెప్పేది నడిమి చూపు సంగతి మాత్రమే.

ఆ పాత అట్టలను పదవీ విరమణ రోజున ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. యువ వైద్యులెవరైనా వచ్చినప్పుడు వాటిని బయటకు తీసి, ఆ బాబు సంగతి చెప్పి పంపిస్తుంటాను.