సమస్య పరులది, పూరణం మాది

అభిమానమంటే ఏమిటో మన నగరవాసులకు వివరించి చెప్పనవసరం లేదు. జూబిలీ హిల్స్, ఫిలింనగర్, కృష్ణానగర్ ప్రాంతాలలో పెరిగిన వారికి అది గాలి, నీరు వంటిది. కొత్త చిత్రం విడుదలైన నాడు కటౌట్లకు పూలదండలు, పాలాభిషేకాలు, తారాజువ్వలు మనం చిన్ననాటి నుండి చూస్తున్నవే. పెద్దలు మాత్రం ఈ అభిమానాన్ని చూచి ఒకే ప్రశ్న అడుగుతారు: "దీనివల్ల మీకు ఒరిగేదేమిటి?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మాకు తోచిన సమాధానమే ఈ వ్యాసం.

మేమనగా ఈ కళాశాలలో చదివే కొందరు మిత్రులం. మాలో కొందరు ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు, కొందరు తెలుగు మాధ్యమం వారు. మాలో కొందరి తండ్రులు స్టూడియోలలో లైట్‌మెన్‌గా, వడ్రంగులుగా, డ్రైవర్లుగా పని చేస్తున్నారు. మా అభిమానం సినీ తారలతో ఆగక వీడియో గేముల వరకు పాకింది. ఆడి ఆడి, ఇటువంటిది మనమూ తయారు చేయలేమా అన్న కోరిక పుట్టింది. ఇతరులు సృష్టించిన పాత్రలను, లోకాలను ఆధారంగా తీసుకొని, లాభాపేక్ష లేకుండా సొంతంగా ఆటలు నిర్మించే వ్యాపకం నేడు ప్రపంచమంతటా ఉన్నది. వీటిని 'ఫ్యాన్ గేములు' అంటారు.

ఇది అనుకరణ మాత్రమే కదా అని కొందరు తేలికగా కొట్టివేస్తారు. వారికి మేము రెండు సభలను గుర్తు చేస్తాము. తెలుగు అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. మిగిలిన పాదాలు అవధానివి. ఉర్దూ తరహీ ముషాయిరాలో ఒక మిస్రాను ముందుగా ప్రకటిస్తారు. అదే ఛందస్సులో, అవే రదీఫ్ కాఫియాలతో షాయిర్లందరూ గజళ్లు అల్లుకొని వస్తారు. ఇచ్చిన పాదం తనది కానందున ఏ కవీ చిన్నబుచ్చుకోడు. ఆ పాదానికి అతడు ఏమి జోడించాడన్నదే సభ చూస్తుంది. ఫ్యాన్ గేము మా దృష్టిలో ఒక సమస్యాపూరణమే.

ఈ పూరణంలో పాండిత్యం ఎంత అవసరమో ఆట కట్టడానికి కూర్చున్న తరువాతనే తెలుస్తుంది. తెరపై ఒక బొమ్మ ఎగిరి దూకడం ఎంత స్వల్ప విషయం! ఎగిరే క్షణంలో బొమ్మకు పైకి కొంత వేగం ఇవ్వాలి. ఆపై సెకనుకు 60 సార్లు ఆ వేగం నుండి కొద్ది కొద్దిగా తీసివేయాలి. వేగం సున్నా అయిన చోట శిఖరం, అక్కడి నుండి పతనం. తీసివేత ఎక్కువైతే బొమ్మ రాయివలె పడుతుంది; తక్కువైతే గాలిపటంవలె తేలుతుంది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కొరకు కంఠస్థం చేసిన చలన సూత్రాలు మాకు నిజంగా అర్థమైనది ఇక్కడే.

నడక, పరుగు నేర్చుకొనడానికి 1989లో వెలువడిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' మాకు గురువైంది. వజీరు, సుల్తాను, రాకుమారి గల ఆ కథ అలీఫ్ లైలా లోకానికి చెందినది. దాని కర్త జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు. ఆయన తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి వీడియో తీసి, ఆ దృశ్యాలను ఒక్కొక్కటిగా చూచి బొమ్మలు గీసుకొన్నారు. సంగీతం ఆయన తండ్రిగారు కూర్చారు. మేమూ ఫిలింనగర్ వాలులో ఒక మిత్రుణ్ణి పరుగెత్తించి ఫోనులో చిత్రించి, ఆ కదలికలను గీసుకొన్నాము.

అయితే ఈ వ్యాపకంలో ఒక చిక్కు ఉన్నది. అవధానంలో సమస్య ఇచ్చినవాడు పూరణను అడ్డుకొనడు, ఇక్కడ అడ్డుకొనవచ్చు. అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ 1991 నాటి 'మెట్రాయిడ్ 2' ఆటను దాదాపు పదేళ్లు శ్రమించి పునర్నిర్మించి, 2016 ఆగస్టులో ఉచితంగా విడుదల చేశారు. హక్కుదారు అయిన నింటెండో సంస్థ అభ్యంతరంతో దానిని కొద్ది రోజులలోనే ఉపసంహరించవలసి వచ్చింది. ఇందుకు భిన్నంగా, సోనిక్ అనే పాత్రపై అభిమానంతో సొంతంగా ప్రయోగాలు చేసిన ఆస్ట్రేలియా యువకుడు క్రిస్టియన్ వైట్‌హెడ్‌ను ఆ పాత్ర యజమాని సెగా సంస్థ పిలిచి పని ఇచ్చింది. 2017లో వచ్చిన 'సోనిక్ మేనియా' దాని ఫలం. గ్వాస్తీ శ్రమ కూడా వ్యర్థం కాలేదు. ఆ నైపుణ్యమే ఆయనను వృత్తిలోకి తీసుకొని వెళ్లింది. 2020లో వెలువడిన 'ఓరి అండ్ ద విల్ ఆఫ్ ద విస్ప్స్' నిర్మాణంలో ఆయన పాలుపంచుకొన్నారు. ఆట చేజారినా విద్య చేజారలేదు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతులలో చేర్చింది. ఆట రాసినవాడు ఆ చట్టం దృష్టిలో గ్రంథకర్తతో సమానమన్నమాట! ఆ గౌరవం మనం కోరేటప్పుడు, ఇతరులకూ ఇవ్వవలసి ఉంటుంది. కనుక మేమొక నియమం పెట్టుకొన్నాము: ఎరువు తెచ్చిన పాత్ర అభ్యాసానికి, సొంత పాత్ర ప్రదర్శనకు. మా తొలి ఆటలో పరుగెత్తినది మారియో. అది మా ఫోన్లు దాటి పోలేదు. అది మాకు పలక వంటిది.

రెండవ ఆటలో కథానాయకుడు ఒక లైట్‌బాయ్. సూర్యుడు మబ్బు చాటుకు పోకముందే అతడు తెల్లని థర్మోకోల్ పలకను మోసుకొని కొండ ఎక్కి, హీరో ముఖంపై వెలుతురు పడేలా నిలపాలి. దారిలో కేబుళ్లు, ట్రాలీ పట్టాలు, బండరాళ్లు. హీరో ముఖం ఆటలో ఎక్కడా కనిపించదు. పడిన వెలుతురు మాత్రమే కనిపిస్తుంది. మాలో ఒకరి తండ్రిగారు దానిని ఆడి చూచి, "చాయ్ తెచ్చే పిల్లవాణ్ణి కూడా పెట్టండి బేటా, వాడు లేకుంటే షూటింగే నడవదు" అన్నారు. మేము వెంటనే పెట్టాము. ఇన్నేళ్లుగా తాము చేస్తున్న పని ఒక ఆటకు వస్తువు కాగలదని వారెన్నడూ అనుకొని ఉండలేదు.

ఆ ఆటలో మాటలు రెండు భాషలలోనూ ఉండాలని మా పట్టుదల. పాత సాధనాలలో తెలుగు ఒత్తులు విడిపోయేవి. ఉర్దూ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవక, ఎడమ నుండి కుడికి తలక్రిందులుగా వచ్చేవి. ఉచితంగా లభించే గోడో అనే ఆటల నిర్మాణ సాధనం 2023లో వచ్చిన నాలుగవ రూపంలో ఈ లిపులను సరిగా కూర్చే ఏర్పాటు చేసుకొన్నది. ఇక లోటల్లా మన భాషలలో ఆటలు రాసేవారిదే.

మన ఫిలింనగర్‌కు ఈ మార్గం కొత్త కాదు. 2012లో 'ఈగ' చిత్రంలో ఒక కీటకాన్ని కథానాయకునిగా నిలిపినది హైదరాబాదుకు చెందిన మకుట సంస్థ గ్రాఫిక్సు నిపుణులే. 2017లో బాహుబలి కథ ఫోను ఆటగా వచ్చింది. జపాన్ ఆటల రూపకర్త హిదియో కొజిమా 2025లో వెలువరించిన 'డెత్ స్ట్రాండింగ్ 2'లో దర్శకులు రాజమౌళి గారి రూపమే ఒక పాత్రగా కనిపిస్తుంది. తెరకూ ఆటకూ మధ్య ద్వారం తెరచుకొనే ఉన్నది. ఆ ద్వారం గుండా లైట్‌మెన్ పిల్లలు కూడా పోవాలన్నదే మా ఆశ.

ఆటల వ్యసనాన్ని గురించి తల్లిదండ్రుల భయం మాకు తెలియనిది కాదు. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. అయితే ఆడుతూ ఉండిపోయేవానికీ, ఆట గుట్టు విప్పి కట్టేవానికీ గల తేడా పెద్దలు గమనించాలని మా ప్రార్థన. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: వారానికి ఒక సాయంత్రం, తరగతులు ముగిసిన తరువాత, రెండు గంటలపాటు కంప్యూటర్ గదిని విద్యార్థులకు తెరచి ఉంచండి. ఇంట్లో కంప్యూటరు లేనివారే మాలో ఎక్కువ. సాధనాలు ఉచితమే, లేనిది కూర్చొనే చోటు మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! మీకు ఇష్టమైన ఆట ఏదైనా సరే, దానిని ఒక సమస్యగా స్వీకరించండి. ఒక పాదం పరులది కావచ్చు. మిగిలిన పాదాలు మీవి. అభ్యాసం ముదిరిన నాడు ఆ మొదటి పాదం కూడా మీరే రాసుకోగలుగుతారు.