రంగు బయటికే

సీఎస్ఈ చదివేవాడు ఇంజన్ గురించి రాయడమేంటి అని మీకు డౌట్ రావచ్చు. కానీ ఈ వేసవి సెలవుల్లో పదకొండు రోజులు నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులోనే ఉన్నాను. మా తాతయ్య అంబాసిడర్ ఇంజన్‌కి రంగు వెయ్యడం నా డ్యూటీ. రంగు వెయ్యడానికి పట్టింది గంటన్నర. మిగతా రోజులన్నీ ఆ రంగు పోకూడని చోటికి పోకుండా చూసుకోవడానికే సరిపోయాయి.

ముందు బండి సంగతి. 1986 మోడల్, మార్క్ 4, పెట్రోల్ బండి, 1489 సీసీ. తాతయ్య దాన్ని గుడివాడ, విజయవాడ మధ్య టాక్సీగా తిప్పారు. నాన్న చదువు, అత్తయ్య పెళ్ళి ఆ బండి సంపాదనతోనే అయ్యాయి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న ఇంజన్‌ని కాపాడుకోవడం తప్ప వేరే దారి లేదు.

నాలుగేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒకచోట ఇంజన్ విప్పించి బాగు చేయించారు. తిరిగొచ్చినప్పుడు వెండి గిన్నెలా మెరిసిపోయింది. రెండేళ్ళు తిరక్కముందే ఆయిల్ లైటు వెలగడం మొదలైంది. తర్వాత కింద నుంచి టకటకమని శబ్దం. "పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం నాన్నా" అన్నారు మా నాన్న. "ఒక్కసారి విప్పి చూద్దాంరా, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారు తాతయ్య.

విప్పారు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టిని షెడ్లలో ఛాంబర్ అంటారు. పంపు ఆయిల్ పీల్చుకునే చోట అందులో ఒక జాలీ ఉంటుంది. ఆ జాలీ నిండా వెండి రంగు పెచ్చులు, అచ్చం చేప పొలుసుల్లా. ముందు చేసినవాళ్ళు జిడ్డు సరిగ్గా వదిలించలేదు, ఏ రంధ్రానికీ మూత పెట్టలేదు, బ్లాకు మీద స్ప్రే కొట్టేశారు. లోపలి గోడల మీద పడిన రంగు వేడి ఆయిల్లో నానీ నానీ ఊడిపోయి జాలీకి అడ్డం పడింది. ఆయిల్ అందక బేరింగులు అరిగాయి. క్రాంకు మీద గీతలు పడ్డాయి.

మేస్త్రి గారు మైక్రోమీటర్‌తో కొలిచి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తాతయ్యతో అన్నారు: "క్రాంకు 40 థౌకి గ్రైండింగ్ చేయించాలి బాబాయ్. దీని తర్వాత బేరింగు సైజు దొరకదు. ఇదే ఆఖరు." థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇంకోసారి లోపలికి ఏదైనా పోయిందంటే ఈ క్రాంకుకి మరో అవకాశం లేదన్నమాట.

ఈ వ్యాసం కోసం 'కలుషితం' అనే మాట రాసి కొట్టేశాను. అది మా టెన్త్ తెలుగు పుస్తకం మాట. షెడ్డులో పదకొండు రోజుల్లో ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. మేస్త్రి గారు అన్నది ఒకటే: "లోపలికి చెత్త పోకూడదు." చెత్తలో కూడా రకాలున్నాయని తర్వాత తెలిసింది. రంగు పెచ్చు మెత్తనిది. అది బేరింగుని కొయ్యదు కానీ ఆయిల్ దారిని మూస్తుంది. ఎమరీ పొడి, ఇసుక అలా కాదు. క్రాంకుకీ బేరింగుకీ మధ్య తల వెంట్రుక కంటే సన్నటి సందు ఉంటుంది, అందులో ఆయిల్ పొర. గరుకు రేణువు ఒకటి దూరితే మెత్తటి బేరింగులో దిగబడి, క్రాంకు తిరిగిన ప్రతిసారీ దాన్ని గీస్తూనే ఉంటుంది.

మరి అంత భయమైతే రంగు మానెయ్యొచ్చు కదా అని అడిగాను. బ్లాకు పోత ఇనుము. కడిగి ఆరబెట్టిన ఇనుము మన కృష్ణా తీరం గాలికి గంటల్లోనే తుప్పు పడుతుంది. పైగా శుభ్రంగా రంగు వేసిన ఇంజన్‌కి ఎక్కడ ఆయిల్ కారుతోందో వెంటనే కనపడుతుంది. మూడో కారణం తాతయ్యది. జిడ్డు గీకుతుంటే వెండి రంగు కింద ఒక మూల పాత ఆకుపచ్చ కనపడింది. తాతయ్యకి చూపు బాగా మందగించింది. అయినా "పచ్చ కదూ?" అన్నారు, ఎవరూ చెప్పకముందే. ఆ రంగే వెయ్యాలని అక్కడే డిసైడ్ అయిపోయింది.

పని మొత్తం వరసలోనే ఉంది. గీకే పనులన్నీ ముందు. వైరు బ్రష్, ఎమరీ పేపర్, పాత రంగు వదిలించడం, అన్నీ బ్లాకు లేత్ షాపుకి వెళ్ళక ముందే అయిపోవాలి. లేత్ షాపులో బోరు పని అయ్యాక వేడి నీళ్ళు, సర్ఫ్‌తో కడగడం. బోరు గోడల్ని బ్రష్‌తో రుద్దాం. ఆయిల్ దారుల చివర బిగించిన స్క్రూలు తీసేసి, సన్నటి సీసా బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకి పోనిచ్చాం, తర్వాత గాలి కొట్టాం. తెల్ల గుడ్డతో బోరు తుడిస్తే మరక రాకూడదు. మాకు నాలుగోసారి కడిగాక గానీ మరక ఆగలేదు. ఆరిన వెంటనే బోరుకి ఆయిల్ రాసెయ్యాలి, లేకపోతే మన కళ్ళ ముందే ఎర్రబడుతుంది. ఇక అక్కడి నుంచి బ్లాకు దగ్గర ఎమరీ పేపర్ అనే మాటే వినపడకూడదు.

కొంతమంది ఇంజన్ మొత్తం బిగించాక రంగు వేస్తారు. అప్పుడు తెరిచి ఉండే చోట్లు తక్కువ కాబట్టి మూతలు తక్కువ. కానీ బిగించేటప్పుడు అంటిన ఆయిల్ మరకలు మూలమూలనా వదిలించాలి, అవి ఉన్నచోట రంగు పట్టదు. మా మేస్త్రి గారు ఖాళీ బ్లాకుకే వేద్దామన్నారు. అప్పుడు అసలు పరీక్ష మూతలు వెయ్యడంలో.

హెడ్డు కూర్చునే పైభాగం, ఛాంబర్ అంచు, టైమింగ్ కవర్ అంచు, పక్కన టాపెట్ కవర్లు బిగించే చోట్లు, ఇవన్నీ మెషిన్ చేసిన ముఖాలు. వాటి మీద రంగు పడితే ప్యాకింగ్ సరిగ్గా కూర్చోదు. ముందు అంచు వరకూ థిన్నర్‌తో తుడిచి, టేపు వెడల్పుగా అంటించి, అంచు వెంబడి చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. ఇనుప అంచే టేపుని బ్లేడులా కోసేస్తుంది. ఇది చూసినప్పుడు నాకు మతిపోయింది. మర రంధ్రాలకి పాత బోల్టులు బిగించాం. ఆయిల్ దారులకి రబ్బరు బిరడాలు. గుడ్డ పీలికలు కుక్కనివ్వలేదు మేస్త్రి గారు, నూలు పోగు లోపల మిగిలినా చెత్తేనట. బోల్టు తల ఆనే చోట, బ్యాటరీ ఎర్తు వైరు బిగించే చోట కూడా టేపు వేశాం. మొదటి చోట రంగు ఉంటే అది నలిగి బిగువు తగ్గుతుంది, రెండో చోట ఉంటే కరెంటు అందదు.

నేను చేసిన సొంత పని ఒకటే. నోట్‌బుక్‌లో ప్రతి బిరడాకీ, బోల్టుకీ నంబరు రాశాను. మొత్తం 31. మన భాషలో చెప్పాలంటే ప్రతి మాలాక్‌కీ ఒక ఫ్రీ ఉండాలి. ప్రోగ్రామ్‌లో ఒకటి మర్చిపోతే మెమరీ లీక్ అవుతుంది, రీస్టార్ట్ చేస్తాం. క్రాంకుకి రీస్టార్ట్ లేదు.

రంగు మూడు పల్చటి పూతలు వేశాం, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు. మందంగా వేస్తే కారుతుంది, తర్వాత పెచ్చులుగా లేస్తుంది. రెండు రోజులు ఆరనిచ్చి మూతలు తీస్తే లెక్క 30 వచ్చింది. 17వ నంబరు లేదు, ఆయిల్ దారిలో పెట్టిన బిరడా. షెడ్డంతా ఒక్కసారి సైలెంట్. మేస్త్రి గారు పానా కింద పెట్టేశారు. "అది దొరికేదాకా ఒక్క బోల్టు బిగించేది లేదు." ప్రతి దారిలోనూ తీగ పోనిచ్చి చూశాం. టార్చ్ వేసి చూశాం. తాతయ్య ముక్కాలి పీట మీద కూర్చుని ఏమీ అడగలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. గంట తర్వాత హెల్పర్ కుర్రాడు టీ తాగి వచ్చాడు. రంగు ఆరిందో లేదో చూద్దామని వాడే పొద్దున దాన్ని తీశాడట, చొక్కా జేబులో ఉంది. ఎవరూ తిట్టలేదు. మేస్త్రి గారు నా నోట్‌బుక్ తీసుకుని 17 పక్కన స్వయంగా టిక్కు పెట్టారు.

మళ్ళీ ఒకసారి ఆయిల్ దారులు కడిగి, గాలి కొట్టి, అప్పుడు బిగించారు. స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసేసి, సెల్ఫ్ మీద ఇంజన్ తిప్పుతూ ఉంటే ఆయిల్ లైటు ఆరింది. అప్పుడు గానీ మేస్త్రి గారు ప్లగ్గులు పెట్టనివ్వలేదు.

కొత్తగా చేసిన ఇంజన్‌కి మొదటి ఆయిల్ తొందరగా మార్చాలి. 500 కిలోమీటర్లకి దించాం, నాన్నే తోలారు. దించిన ఆయిల్‌ని తెల్ల పంచె ముక్క మీద పోసి వడగట్టాం. నాకు నల్లటి మరక తప్ప ఏమీ కనపడలేదు, కానీ నా కళ్ళని నేనే నమ్మలేదు. తాతయ్య ముందుకు వంగి, ఆ గుడ్డని రెండు వేళ్ళ మధ్య పెట్టి అంచు నుంచి అంచుదాకా రుద్ది చూశారు. "ఏం తగల్లేదురా" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "బండి సాయంత్రం నాకు కావాలి. తోలేది నువ్వే" అన్నారు.