ప్రతినాయకుని పక్షం

దశరూపకకర్త ధనంజయుడు ప్రతినాయకుణ్ణి లుబ్ధుడు, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపి, వ్యసనపరుడు అని అర్ధశ్లోకంలో ముగించినాడు. పరీక్షలకు ఆ లక్షణం చాలును. కథ వ్రాయబూనినవానికి చాలదు. దుర్గుణాలను వరుసగా పేర్చితే నిందించడానికి ఒక బొమ్మ దొరుకుతుంది గాని, నాయకునికి దీటైన విరోధి దొరకడు. మన నవలలలో పెక్కింటికి పట్టిన తెగులు ఇదే. ధనంజయునికి పూర్వుడైన దండి దీనిని ఎరిగినవాడు. శత్రువుయొక్క వంశాన్నీ, పరాక్రమాన్నీ, విద్యనూ వర్ణించి, అటువంటివానిని నాయకుడు గెలిచినాడని చెప్పే పద్ధతి ప్రీతికరమని కావ్యాదర్శంలో స్పష్టం చేసినాడు.

విశాఖదత్తుని ముద్రారాక్షసం ఇందుకు తార్కాణం. నందవంశం నశించినా రాక్షసమంత్రి స్వామిభక్తి నశించలేదు. చంద్రగుప్తుని చంపించడానికి విషకన్యను పంపినాడు, మందులో విషం కలిపే వైద్యుణ్ణి నియోగించినాడు, శయనాగారం క్రింద సొరంగంలో హంతకులను దాచినాడు. మెత్తనివాడేమీ కాడు. అయినా చాణక్యుడు కోరినది అతని తలను కాదు, చంద్రగుప్తునికి అతని మంత్రిత్వాన్ని. రాక్షసుడు తన భార్యాబిడ్డలను మిత్రుడైన చందనదాసుని ఇంట దాచినాడు. బయటికి పరుగెత్తబోయిన పసివానిని లోపలికి లాగుకొనే తొందరలో ఆ ఇల్లాలి వ్రేలినుండి జారిన ఉంగరం చాణక్యుని చేతికి చిక్కింది. తుదకు చందనదాసుని వధ్యస్థానానికి తెచ్చినప్పుడు రాక్షసుడు తానై వచ్చి లొంగిపోయినాడు. చాణక్యుడు వల పన్నినది అతని లోభంమీద కాదు, స్నేహంమీద. ధనంజయుని పట్టికతో వెదికితే ఈ రాక్షసుడు కానరాడు.

అయితే విరోధికి సద్గుణం కల్పించడం అతని పాపానికి వకాలతు పట్టడం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. భాసుని ఊరుభంగంలో తొడలు విరిగి పడియున్న దుర్యోధనుని ఒడిలో కూర్చుండవచ్చిన దుర్జయుణ్ణి తండ్రి వారించే ఘట్టం చదివి చలించనివారు అరుదు. పాండవులను తనవలెనే సేవింపుమనీ, ద్రౌపదిని తల్లిగా చూడుమనీ అతడు కొడుకుకు బోధిస్తాడు. రూపకం గొప్పదే. కాని సభలో ఆమెను ఈడ్పించిన సంగతి ఇందులో దుర్యోధనుని నోట ఒక మాటగా మాత్రమే వచ్చిపోతుంది. ద్రౌపది రంగంమీదికే రాదు. విరోధిమీద జాలి మితిమీరినచోట, అతనివల్ల బాధపడిన మనిషి కథనుండి తొలగిపోవడం ఒక ప్రమాదం. భాసుడు దుర్యోధనుణ్ణి నాయకునిగా మార్చినాడు గనుక ఆ మూల్యం చెల్లించినాడనవలె.

మరి సద్గుణం లేశమైనా లేని విరోధి రక్తి కట్టడా? మృచ్ఛకటికంలోని శకారుడు కడతాడు. పురాణకథలను తలక్రిందులు చేసి పలికే ఈ మూఢుణ్ణి చూచి ప్రేక్షకుడు నవ్వుతూనే ఉంటాడు. ఉద్యానంలో వసంతసేన గొంతు నులిమి, ఆ నేరాన్ని చారుదత్తునిమీద మోపడానికి అతడు న్యాయసభకు వస్తాడు. ఈనాడు నీ అభియోగం వినమని అధికరణికుడు మొదట కబురంపుతాడు. రాజు తన బావ అనీ, అతనికి చెప్పి వేరొక అధికారిని వేయిస్తాననీ శకారుడు బెదిరిస్తాడు. మరుక్షణం అతనికి పిలుపు వస్తుంది. ప్రేక్షకుని నవ్వు ఆగిపోయేది ఇక్కడ. శూద్రకుడు శకారునికి వంశమూ విద్యా పరాక్రమమూ ఇవ్వలేదు; ఒక బావను ఇచ్చినాడు.

పదవ అంకంలో చారుదత్తుడు శరణన్న శకారుణ్ణి విడిపించినాడు. స్థావరకునికి దాస్యవిముక్తి, భిక్షువుకు విహారాల ఆధిపత్యం లభించినవి. అధికరణికుని ప్రసక్తి మాత్రం అక్కడ లేదు.