రందికి రాసే మందు

ఖానాపూర్‌లో నా దగ్గరికి మనోవ్యాధులు ఆ పేరుతో రావు. "గ్యాస్" అనే పేరుతో వస్తాయి. ఛాతీలో గ్యాస్ పట్టేసింది, తలకు గ్యాస్ ఎక్కింది, కాళ్ళలోకి గ్యాస్ దిగింది. ఈసీజీ తీస్తాం. రక్తం తక్కువుందేమో చూస్తాం, థైరాయిడ్, షుగరు చూస్తాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయంటే సంతోషించాల్సింది పోయి మొహం చిన్నబుచ్చుకుంటారు. రిపోర్టు బాగుంది, మనిషి బాగాలేడు. అప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకొని "ఇంట్ల ఏం రంది?" అని అడగాలి. అడిగితే అరగంట పోతుంది, బయట బెంచీ నిండా జనం ఉంటారు. అయినా అడగాలి.

ఈ రందికి పత్రికల్లో ఒక సలహా తరచు కనిపిస్తుంది: ప్రకృతిలో గడపండి, ఫోటోలు తీయండి, డైరీ రాయండి. మా ఊళ్ళో కూర్చుని చదివితే నవ్వొస్తుంది. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క కవ్వాల్ అడవి. ఆ అడవి 2012లో పులుల అభయారణ్యం కూడా అయింది. ఇంతకన్నా ప్రకృతి ఎక్కడుంది? కానీ ఇక్కడివాళ్ళకు అడవంటే ఎండాకాలపు తునికాకు, ఇప్పపువ్వు, మక్క చేను మీద పడే అడవిపందులు. నీళ్ళంటే 2022 జూలై. కడెం ప్రాజెక్టు తట్టుకోలేనంత వరద వచ్చి, కింది ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులవి. అటువైపు నుంచి వచ్చే ఒక ముసలమ్మకు ఇప్పటికీ రేకుల మీద చినుకు పడితే గుండెదడ. ఆమెను పోయి నది ఒడ్డున కూర్చోమని ఏ డాక్టరు చెబుతాడు?

ఆ సలహా ఎవరికి ఎట్లా పనికొస్తుందో నాకు చూపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళ గుర్తులు పట్టకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఒకాయన రిటైరైన టీచరు. 2021 కరోనా రెండో వేవ్‌లో భార్య పోయింది. పిల్లలు హైదరాబాదులో. "పొద్దుమీకితె భయమైతది డాక్టర్ సాబ్" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. నిద్ర లేదు, తిండి తగ్గింది, బడికి పోయే రోజుల్లోలా నాలుగింటికే మెలకువ. మందులు రాశాను. మెలకువ వచ్చినవాడు మంచంలో దొర్లకుండా, తెల్లారగానే స్కూటరేసుకొని ఎటన్నా పోయి రమ్మన్నాను. ఆయన సదర్మాట్ వైపు పోవడం మొదలుపెట్టాడు. నిజాం కాలంలో గోదావరికి అడ్డంగా కట్టిన పాత ఆనకట్ట అది.

మొదట్లో ఆయన ఫోనులో ఉన్నవన్నీ ఇంటి ఫోటోలే. ఆమె కళ్ళద్దాలు, ఆమె నీళ్ళుపోసిన తులసి గద్దె, దండెం మీద మిగిలిపోయిన తువ్వాల. కొన్ని నెలలకు వాటి మధ్య నీళ్ళ ఫోటోలు కనిపించసాగాయి. నత్తలేరుకునే కొంగలు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు. తర్వాత ఒక లకుముకి పిట్ట వెంటపడ్డాడు. నలుపూ తెలుపూ చుక్కలది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, తల కిందికి పెట్టి రాయిలా నీళ్ళలో పడుతుంది. ఫోనుకు అది దొరకదు. ఫోటో నిండా నీళ్ళు, మూలకు ఒక మసక మచ్చ. "ఇదే పిట్ట" అని వేలుపెట్టి చూపించేవాడు, నేను తలూపేవాణ్ణి. చేప దొరికాక అది ప్రతిసారీ ఒకే మోడు మీదికి వచ్చి వాలుతుందని కనిపెట్టి, ఆ మోడుకు గురిపెట్టి కూర్చున్న రోజు మాత్రం నిజంగానే పిట్ట వచ్చింది, నోట్లో చేప అడ్డంగా.

నాకు ఫోటోల కన్నా ఆయన నోటుపుస్తకం ఎక్కువ పనికొచ్చింది. రోజూ తేదీ వేసి ఒకటే వాక్యం రాసేవాడు: నీళ్ళు ఎంత దిగినయి, ఏ పిట్ట వచ్చింది, పొగమంచు ఎప్పుడు విడిచింది. తన గురించి ఒక్క ముక్క లేదు. కానీ అక్కడక్కడ రాయని రోజులున్నాయి. రెండు మూడు రోజులు వరుసగా ఖాళీ, మళ్ళీ మొదలు. ఆ ఖాళీలు నెలకోసారి వస్తున్నాయి. పంచాంగం తిరగేస్తే తెలిసింది, మాసికం తిథి అటూ ఇటూ. నిద్ర సంగతి అడిగితే "బాగనే పడ్తాంది" అనే మనిషి, పుస్తకంలో ఆ రోజుల్ని దాచలేకపోయాడు. సంవత్సరీకం నెలలో మందు తగ్గించకుండా ఆగడానికి నాకు ఆ ఖాళీలే ఆధారం.

ఆయన్ను చూసినప్పుడు నాకు హైమన్‌డార్ఫ్ గుర్తొస్తాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆస్ట్రియాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త 1939లో మన దేశంలో అడుగుపెట్టిన కొద్దిరోజులకే ప్రపంచయుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, అంటే బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్నారు. ఇంటికి పోలేడు, ఇష్టమైన చోటికీ పోలేడు. ఆ నిర్బంధంలోనే భార్య బెట్టీతో కలిసి చెంచుల దగ్గరికి పోయాడు, కొండరెడ్ల దగ్గరికి పోయాడు, ఆపైన మా గోండుల దగ్గరికి వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు. నడిచాడు, వేల ఫోటోలు తీశాడు, రాశాడు. చెంచుల పుస్తకం 1943లో, గోండులది 1948లో వచ్చాయి. ఆయనకు అక్కడ మనశ్శాంతి దొరికిందని నేను చెప్పలేను. పని దొరికింది. కళ్ళకూ కాళ్ళకూ చేతికీ కలిపి ఒకే పని. ఉట్నూరు దాటి జైనూరు వైపు పోతే మార్లవాయిలో భార్యాభర్తలిద్దరి సమాధులూ ఇప్పటికీ పక్కపక్కన కనిపిస్తాయి.

కరోనా రోజుల్లో నేనూ ఇట్లాంటి పనే ఒకటి పెట్టుకున్నాను. డ్యూటీ దిగాక ఉట్నూరు బాటలో బండి ఆపి టేకాకుల ఫోటోలు తీసేవాణ్ణి. వానాకాలంలో పురుగు తినగా ఈనెలు మాత్రం మిగిలిన ఆకులు, జల్లెడలా ఉంటాయి. లేత ఆకు నలిపితే అరచేతికి ఎర్రగా అంటుతుంది. చేతులకు శానిటైజర్ తప్ప ఇంకోటి అంటని కాలంలో ఆ ఎరుపు చూసుకోవడం బాగుండేది. ఆ ఫోటోలు ఎవరికీ చూపించలేదు, చూపించేంత బాగా రాలేదు కూడా.

అందరికీ స్కూటరు, తీరిక, పెన్షను ఉండవు. బీడీలు చేసే ఒకామె వచ్చింది. భర్త దుబాయిలో. పొద్దంతా చాట ముందు తల వంచుకొని కూర్చుంటుంది, మెడనొప్పి, దడ, చనిపోతానేమోనని భయం. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో ఒక సంగతి అచ్చు వేయించాడు. పిత్తాశయం ఆపరేషనయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ కనిపించినవాళ్ళ కన్నా తొందరగా ఇంటికి పోయారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. అది మనసులో పెట్టుకొని "చాట తీసుకొని వాకిట్ల వేపచెట్టు కింద కూసోరాదమ్మా" అన్నాను. ఆమె ఏడుపు ఆపి నవ్వింది. "గాలికి తంబాకు ఎగిరిపోతది సారూ! ఆకు ఎండితె మలుస్తుంటె పల్గుతది, ఠేకేదారు తీసుకోడు."

రాయమంటే రాయడం రాదు. బిడ్డతో రాయిద్దామంటే బిడ్డకు చెప్పుకునే రంది కాదు. చివరికి ఆమెకు తోచిందే కుదిరింది. పొద్దున పని మొదలుపెట్టే ముందు, పెరట్లో చిక్కుడు పాదు ఫోటో ఒకటి తీసి భర్తకు పంపుతుంది. పువ్వు, పిందె, పేనుబంక, ఏదుంటే అది. ఆయన దానికి పురుగుమందు సలహాలు పంపుతాడు, ఇద్దరూ ఫోన్లో దాని మీద కొట్లాడుకుంటారు. అంతకుముందు వాళ్ళ మాటలన్నీ అప్పు, వడ్డీ, ఏజెంటు. మాత్రలు కూడా మింగింది, అది మరువకూడదు. దడ తగ్గింది చిక్కుడు పాదుతోనా మాత్రతోనా అంటే నేను మాత్ర పేరే ముందు చెబుతాను. కానీ మాత్ర మానకుండా వేసుకునేలా చేసింది మాత్రం పాదేనని అనుకుంటాను.

రాయడం అందరికీ పడదు. 1986లో పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త తన సహచరురాలితో కలిసి విద్యార్థుల చేత, మనసులో దాచుకున్న దెబ్బల గురించి రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు రాయించాడు. జరిగిందీ, అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి ఆరు నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువ పోయారని అందరూ చెబుతారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా కుంగిందన్న సంగతి అదే పరిశోధనలో ఉన్నా ఎవరూ చెప్పరు. డైరీ రాయమని ఎవరికైనా చెప్పే ముందు నేను ఆ రెండో మాట తలచుకుంటాను.

ఎందుకంటే గ్రూప్స్ పరీక్షల కోచింగ్ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చిన ఒక పిల్లగాడు ఉన్నాడు. ఎవరో చెప్పారని డైరీ రాస్తున్నాడు. తండ్రి ఆ నోటుబుక్కులు సంచిలో వేసుకొచ్చాడు. పేజీలకు పేజీలు ఒకటే: నా వల్లే, నేను దండుగ, నాయిన పైసలు పోగొట్టిన. అక్షరం పోనుపోను చిన్నదైంది. ఇది రాసుకుంటే పోయే బరువు కాదు, రాసినకొద్దీ పెరిగేది. పెన్ను పక్కన పెట్టమని చెప్పి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, పుట్టదు. అవునన్నాడు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో తండ్రిని అడిగి, తాళం వేయించి, అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను. ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు తండ్రితో పాటు పసుపు ఉడకబెట్టే పనిలో ఉన్నాడు. వేళ్ళు పచ్చగా చేసుకొని వస్తాడు. నోటుబుక్కు సంగతి నేను ఎత్తను. మొన్న తనంతట తాను ఫోను తీసి కళ్ళంలో ఆరబోసిన పసుపు కొమ్ముల ఫోటో చూపించి, ఈసారి ధర బాగుంటుందంటున్నారని చెప్పాడు. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాను. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది అప్పుడు చూడాలి.